స్కోరుబోర్డులో కనిపించని కొలువు

హైదరాబాద్ స్పిన్నర్‌గా ఆర్. శ్రీధర్ ప్రయాణం 35 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లతో ముగిసింది. కోచ్‌గా అది భారత జట్టు డ్రెస్సింగ్ రూమ్ దాకా సాగింది. పెద్ద ఆటగాడే పెద్ద కోచ్ కాగలడన్న నమ్మకాన్ని ఆ ప్రయాణం కుదిపేసింది.

2023 జనవరి 21న ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ తొలిసారి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్‌కు వేదికైంది. 1857లో బ్రిటిష్ పాలకుల చేతిలో మరణశిక్షకు గురైన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ పేరు పెట్టుకున్న స్టేడియం అది. ముందుగా బ్యాటింగ్‌కు దిగిన న్యూజిలాండ్ 15 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. వాటిలో బౌల్డ్ ఒక్కటే. మిగతా నాలుగూ క్యాచ్‌లు. శుభ్‌మన్ గిల్ రెండు పట్టాడు. డారిల్ మిచెల్ కొట్టిన బంతిని షమీ, డెవాన్ కాన్వే కొట్టిన బంతిని హార్దిక్ పాండ్య తమ బౌలింగ్‌లో తామే అందుకున్నారు. బంతి వేసిన ఊపులో ముందుకు వంగి, నేలకు తాకబోతున్న బంతిని పాండ్య ఒంటిచేత్తో ఒడిసిపట్టిన తీరు చూసి స్టేడియం హోరెత్తింది. న్యూజిలాండ్ 108 పరుగులకు కుప్పకూలింది. భారత్ 8 వికెట్ల తేడాతో గెలిచింది. 18 పరుగులకు 3 వికెట్లు తీసిన షమీ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు.

ఆ క్యాచ్‌ల వెనకున్న మనిషి పేరు స్కోరుకార్డులో ఎక్కడా ఉండదు. ఆ రోజు భారత జట్టు ఫీల్డింగ్ కోచ్ టి. దిలీప్. హైదరాబాదీ. 2021 నవంబరులో ఆ బాధ్యత ఆయనకు అప్పగించి వెళ్లిన ఆర్. శ్రీధర్ కూడా హైదరాబాద్ క్రికెట్‌లో ఎదిగినవారే. ఒకే ఊరి నుంచి ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిన ఈ ఇద్దరిలో ఎవరూ భారత జట్టుకు ఆడలేదు. దిలీప్ అయితే ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ కూడా ఆడలేదు. మాజీ టెస్టు ఆటగాళ్లకు పెద్దపీట వేసే భారత క్రికెట్‌లో ఇది చిన్న విషయమేమీ కాదు.

రాజు ఉన్న ఊళ్లో

రామకృష్ణన్ శ్రీధర్ 1970లో మైసూరులో పుట్టారు. ఎడమచేతి వాటం స్పిన్నర్‌గా హైదరాబాద్ తరఫున ఆడారు. 1989 నుంచి 2001 దాకా సాగిన ఆ కెరీర్‌లో 35 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 91 వికెట్లు, 15 లిస్ట్-ఎ మ్యాచ్‌లు ఉన్నాయి. అంకెలు తీసిపారేసేవి కావు. అలాగని సెలెక్టర్ల తలుపు తట్టేవీ కావు.

పైగా ఆయనది ఇరుకు దారి. అదే కాలంలో, అదే జట్టులో, అదే తరహా బౌలర్ వెంకటపతి రాజు ఉన్నారు. 1990లో టెస్టు జట్టులోకి వచ్చిన రాజు 28 టెస్టులు ఆడారు. రాష్ట్ర జట్టులో టెస్టు బౌలర్ ఉండగా అదే పని చేసే రెండో మనిషికి బంతి దొరకడమే గగనం. పన్నెండేళ్లలో 35 మ్యాచ్‌లంటే సగటున ఏడాదికి మూడు. మిగతా రోజుల్లో అలాంటి ఆటగాడికి మిగిలేది నెట్స్, పన్నెండో ఆటగాడి పాత్ర, ఎదురుచూపు.

ఆ తరం దేశవాళీ క్రికెటర్‌కు ఆట ముగిశాక కనిపించే దారులు తక్కువ. ఐపీఎల్ 2008లో గానీ రాలేదు. బ్యాంకులోనో, రైల్వేలోనో ఉద్యోగం ఉంటే అందులో కుదురుకోవడం, లేదంటే ఓ క్రికెట్ శిబిరం నడుపుకోవడం మామూలు. కోచింగ్ అనేది చదివి నేర్చుకోవలసిన వృత్తి అన్న ఆలోచన భారత క్రికెట్‌లో అప్పుడప్పుడే మొలకెత్తుతోంది. బెంగళూరులో జాతీయ క్రికెట్ అకాడమీ మొదలైంది 2000లో. శిక్షకులకు అంచెలంచెల కోర్సులు, పరీక్షలు, సర్టిఫికెట్లు క్రమంగా ఒక పద్ధతికి వచ్చాయి. శ్రీధర్ ఆట ముగించిన కాలమూ ఇంచుమించు అదే. ఆయన ఈ మెట్లెక్కి మూడో స్థాయి కోచ్ అయ్యారు. అకాడమీలో, కుర్రాళ్ల జట్లతో పనిచేశారు.

ఫలితం కనిపించింది 2014లో. ఆ ఏడాది మొదట్లో యూఏఈలో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు ఆయన సహాయ కోచ్. కుల్‌దీప్ యాదవ్, సంజు శామ్సన్, శ్రేయస్ అయ్యర్ ఉన్న జట్టది. వేసవిలో ఐపీఎల్ జట్టు కింగ్స్ ఎలెవన్ పంజాబ్‌కు ఫీల్డింగ్ కోచ్. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి కోల్‌కతా చేతిలో ఓడింది. ఆగస్టులో అసలు పిలుపు వచ్చింది.

ఓటమి తెచ్చిన పిలుపు

2014 వేసవిలో ఇంగ్లండ్‌లో భారత్ టెస్టు సిరీస్‌ను 1-3తో పోగొట్టుకుంది. స్లిప్‌లో క్యాచ్‌లు నేలపాలవుతుంటే దేశమంతా చూసింది. సిరీస్ ముగియగానే క్రికెట్ బోర్డు రవిశాస్త్రిని జట్టు డైరెక్టర్‌గా పంపింది. ఫీల్డింగ్ కోచ్ ట్రెవర్ పెన్నీ, బౌలింగ్ కోచ్ జో డాస్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. సహాయ కోచ్‌లుగా సంజయ్ బంగర్, భరత్ అరుణ్ వచ్చారు. ఫీల్డింగ్ శ్రీధర్ చేతికొచ్చింది. వచ్చీ రాగానే వన్డే సిరీస్‌ను భారత్ 3-1తో గెలుచుకుంది.

ఒక సిరీస్ కోసం వచ్చిన మనిషి ఏడేళ్లు ఉండిపోయారు. ఈ మధ్యలో ప్రధాన కోచ్‌లు మారారు. డంకన్ ఫ్లెచర్ 2015 ప్రపంచకప్ తర్వాత వెళ్లిపోయారు. 2016లో అనిల్ కుంబ్లే వచ్చారు. కెప్టెన్ కోహ్లీతో పొసగక ఏడాదికే తప్పుకున్నారు. 2017లో శాస్త్రి తిరిగొచ్చారు. ధోనీ నుంచి కోహ్లీకి కెప్టెన్సీ చేతులు మారింది. ఒక దొర పోయి ఇంకో దొర వచ్చినప్పుడల్లా సహాయకుల కుర్చీలు కదలడం క్రికెట్‌లో సర్వసాధారణం. శ్రీధర్ మాత్రం నిలదొక్కుకున్నారు.

ఫీల్డింగ్ కోచ్‌కు ఇది ఒక రకంగా వరం, మరో రకంగా శాపం. సెంచరీ కొడితే బ్యాటింగ్ కోచ్‌కు, ఐదు వికెట్లు పడితే బౌలింగ్ కోచ్‌కు వాటా దక్కుతుంది. అమెరికన్లు ఆడే బేస్‌బాల్‌లో, దాని చెల్లెలి వరసైన సాఫ్ట్‌బాల్‌లో స్కోరుబోర్డు మీద పరుగుల పక్కనే ఫీల్డర్ల పొరపాట్లకూ ఒక గడి ఉంటుంది. క్రికెట్‌లో అలాంటి గడి లేదు. జారవిడిచిన క్యాచ్ బ్యాట్స్‌మన్ ఖాతాలో పరుగులుగా, బౌలర్ ఖాతాలో నష్టంగా కలిసిపోతుంది. ఆపిన పరుగులు అసలు ఎక్కడా నమోదు కావు. ఆస్ట్రేలియా జట్టు 2000 దశకంలో మైక్ యంగ్ అనే అమెరికన్ బేస్‌బాల్ కోచ్‌ను తెచ్చుకుని త్రోలు, కదలికలు నేర్పించిందంటే కారణం అదే. ఫీల్డింగ్‌ను లెక్కగట్టడం, విడగొట్టి సాధన చేయడం బేస్‌బాల్ వాళ్లకు ఎప్పటినుంచో అలవాటు.

భారత్‌కు మంచి ఫీల్డర్లు లేక కాదు. ఏక్‌నాథ్ సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టారు. హైదరాబాద్‌కే చెందిన అజారుద్దీన్ టెస్టుల్లో 105, వన్డేల్లో 156 క్యాచ్‌లు అందుకున్నారు. అయితే వాళ్లంతా ఎవరికి వాళ్లుగా తయారైనవారు. పదకొండు మందినీ ఒక స్థాయికి తెచ్చే పద్ధతి ఉండేది కాదు. బ్యాటింగ్, బౌలింగ్ అయ్యాక మిగిలిన సమయంలో నాలుగు క్యాచ్‌లు పట్టించడమే సాధన. రాబిన్ సింగ్, పెన్నీ వంటివారు మొదలుపెట్టిన మార్పును ఒక దినచర్యగా స్థిరపరచడం శ్రీధర్ తరానికి మిగిలిన పని.

పొద్దున్నే మొదలయ్యే పని

బయటి నుంచి చూస్తే ఫీల్డింగ్ కోచ్ పని బ్యాట్‌తో బంతులు గాల్లోకి లేపడమే. లోతుకు వెళితే అది సగం లెక్క, సగం మనస్తత్వం. ఏ బౌలర్‌కు ఏ బ్యాట్స్‌మన్ ఎటువైపు కొడతాడో చూసుకోవాలి. బంతి ఎక్కువగా వెళ్లే చోట ఎవరిని నిలబెట్టాలో తేల్చుకోవాలి. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్ బంతి బ్యాట్‌ను దాటాక కూడా గాల్లో వంకర పోతుంది. ఆస్ట్రేలియాలో బౌన్స్ వల్ల స్లిప్ ఫీల్డర్లు వెనక్కి జరగాలి. స్పిన్నర్లు రాజ్యమేలే మన పిచ్‌ల మీద అదే ఫీల్డర్ బ్యాట్ పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. రాత్రి మ్యాచ్‌లలో మంచు పడితే బంతి సబ్బులా జారుతుంది. అందుకే బంతుల్ని నీళ్లలో ముంచి మరీ సాధన చేయిస్తారు. ఎత్తు క్యాచ్‌లకు ఫ్లడ్‌లైట్లు ఒక పరీక్ష, గాలి ఇంకో పరీక్ష.

అన్నిటికన్నా కష్టమైనది క్యాచ్ వదిలేసినవాడిని మళ్లీ నిలబెట్టడం. బ్యాట్స్‌మన్ ఔటైతే పెవిలియన్‌కు వెళ్లి తల దాచుకోవచ్చు. క్యాచ్ వదిలిన ఫీల్డర్ వేల మంది కళ్లెదుట అదే చోట నిలబడి ఉండాలి. తర్వాతి బంతి తన దగ్గరికే రావచ్చు. పన్నెండేళ్లపాటు అవకాశం కోసం కాచుకుని కూర్చున్న మనిషికి ఆ ఒంటరితనాన్ని విడిగా నేర్పించనక్కర్లేదు.

మరో ఊతం శరీర దారుఢ్యం నుంచి వచ్చింది. 2017 నుంచి జట్టులో చోటుకు యో-యో పరీక్ష కొలబద్ద అయింది. కోహ్లీ స్వయంగా ముందు నడవడంతో బద్ధకానికి తావు లేకుండా పోయింది. రవీంద్ర జడేజా వంటి సహజ ఫీల్డర్ల చుట్టూ మిగతావాళ్లు తమ స్థాయి పెంచుకున్నారు. 2016 టి20 ప్రపంచకప్‌లో బెంగళూరులో బంగ్లాదేశ్‌కు చివరి బంతికి 2 పరుగులు కావలసి ఉండగా ధోనీ ముందే కుడిచేతి గ్లవ్ తీసి పెట్టుకుని, పరుగెత్తుకొచ్చి ముస్తాఫిజుర్‌ను రనౌట్ చేశాడు. భారత్ ఒక్క పరుగుతో గెలిచింది. ముందుచూపే ఫీల్డింగ్ అనడానికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

జాంటీ రోడ్స్ కాదన్న రోజు

శ్రీధర్ కెరీర్‌లో అసలు పరీక్ష మైదానంలో జరగలేదు. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో భారత్ ఓడాక సహాయక సిబ్బంది పదవులన్నిటికీ బోర్డు దరఖాస్తులు పిలిచింది. ఫీల్డింగ్ కోచ్ పదవికి దరఖాస్తు చేసినవారిలో జాంటీ రోడ్స్ ఉన్నారు. 1992 ప్రపంచకప్‌లో గాల్లోకి దూకి ఇంజమాముల్ హక్‌ను రనౌట్ చేసిన రోడ్స్. ఫీల్డింగ్ అనగానే ప్రపంచమంతా గుర్తు తెచ్చుకునే రోడ్స్. ఎదురుగా 35 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల హైదరాబాద్ స్పిన్నర్.

ప్రధాన కోచ్‌ను కపిల్‌దేవ్ నాయకత్వంలోని సలహా సంఘం ఎంపిక చేసింది. సహాయకుల ఎంపిక మాత్రం సెలెక్షన్ కమిటీ చేతిలో ఉంది. దాని చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్. ఆంధ్రకు ఆడిన వికెట్‌కీపర్. కమిటీ ఇంటర్వ్యూలు జరిపి ఒక్కో పదవికి ముగ్గురి పేర్లు వరసలో ఇచ్చింది. ఫీల్డింగ్ కోచ్ జాబితాలో మొదటి పేరు శ్రీధర్. రెండోది అభయ్ శర్మ. మూడోది దిలీప్. రోడ్స్ పేరు ఆ మూడింటిలో లేదు. ప్రపంచంలోని మేటి ఫీల్డింగ్ కోచ్‌లలో శ్రీధర్ ఒకరని ప్రసాద్ విలేకరుల ముందు గట్టిగానే సమర్థించుకున్నారు. బ్యాటింగ్ కోచ్‌గా బంగర్ స్థానంలో విక్రమ్ రాథోడ్ వచ్చారు. అరుణ్, శ్రీధర్ కొనసాగారు.

దీన్ని దేశీయ అభిమానం అనుకున్నవాళ్లూ ఉండొచ్చు. కానీ అక్కడ తేలింది ఇంకో సంగతి. తాను గొప్పగా చేయడం వేరు, పదిమంది చేత చేయించడం వేరు. పుట్టుకతో వచ్చిన చురుకుతనం ఉన్నవాడు దాన్ని ఇంకొకరికి విడమరచి చెప్పలేకపోవచ్చు. కష్టపడి నేర్చుకున్నవాడికి ప్రతి మెట్టూ గుర్తుంటుంది. బడిలో లెక్కల మాస్టార్లందరూ రామానుజన్లు కారు. కానక్కర్లేదు కూడా.

అడిలైడ్ నుంచి సిడ్నీకి

అలాగని ఈ కథంతా విజయాల చిట్టా కాదు. 2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో ఆస్ట్రేలియా తొలి ఇన్నింగ్స్‌లో భారత ఫీల్డర్లు క్యాచ్ మీద క్యాచ్ వదిలారు. లబుషేన్‌కు ప్రాణదానాలు దొరికాయి. 26 పరుగుల దగ్గర బతికిపోయిన కెప్టెన్ టిమ్ పెయిన్ 73తో అజేయంగా నిలిచాడు. భారీగా దక్కవలసిన ఆధిక్యం 53 పరుగులకు కుంచించుకుపోయింది. మూడో రోజు భారత్ ఇన్నింగ్స్ 36 పరుగులకే ముగిసింది. లోకం 36ను గుర్తుపెట్టుకుంది. వదిలేసిన క్యాచ్‌లను మరిచిపోయింది. ఆ లెక్క ఫీల్డింగ్ కోచ్ ఒక్కడికే గుర్తుండే లెక్క.

వారం తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో జడేజా వెనక్కి పరుగెత్తుతూ, ఎదురొస్తున్న గిల్‌ను దాదాపు ఢీకొంటూనే మాథ్యూ వేడ్ క్యాచ్‌ను వదలకుండా పట్టాడు. సిడ్నీలో 131 పరుగులతో పాతుకుపోయిన స్టీవ్ స్మిత్‌ను నేరుగా వికెట్లకు తగిలిన త్రోతో రనౌట్ చేశాడు. గాయాలతో సగం జట్టు ఖాళీ అయినా 2021 జనవరి 19న బ్రిస్బేన్‌లో గెలిచి భారత్ సిరీస్‌ను 2-1తో దక్కించుకుంది. అదే ఏడాది నవంబరు 8న దుబాయ్‌లో నమీబియాతో జరిగిన టి20 ప్రపంచకప్ మ్యాచ్ శాస్త్రి, అరుణ్, శ్రీధర్‌లకు ఆఖరిదైంది. జట్టు సెమీఫైనల్‌కు చేరలేదు. ఏడేళ్లలో ఒక్క ప్రపంచకప్ కూడా చేతికి అందలేదన్న వెలితి ఈ బృందం ఖాతాలో మిగిలిపోయింది. ఆనాటి సంగతులను శ్రీధర్ 2023లో ‘కోచింగ్ బియాండ్’ అనే పుస్తకంగా వెలువరించారు. పాత్రికేయుడు ఆర్. కౌశిక్ సహ రచయిత.

లెక్కల మాస్టారి వంతు

శ్రీధర్ వదిలిన చోట 2019 జాబితాలోని మూడో పేరు వచ్చి చేరింది. దిలీప్ కథ మరీ విచిత్రం. పెద్ద స్థాయి క్రికెట్ ఆడింది లేదు. పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ సంపాదనతో కోచింగ్ కోర్సులు చేశారు. జాతీయ అకాడమీలో, భారత-ఎ జట్లతో ఏళ్ల తరబడి పనిచేసి, రాహుల్ ద్రవిడ్ ప్రధాన కోచ్ అయినప్పుడు సీనియర్ జట్టులోకి వచ్చారు.

2023 వన్డే ప్రపంచకప్‌లో దిలీప్ చేసిన చిన్న పని పెద్ద పేరు తెచ్చింది. ప్రతి మ్యాచ్ తర్వాత ఉత్తమ ఫీల్డర్‌కు డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పతకం వేయడం మొదలుపెట్టారు. అక్టోబరు 8న చెన్నైలో ఆస్ట్రేలియాతో మ్యాచ్ తర్వాత మొదటి పతకం కోహ్లీ మెడలో పడింది. కోట్లు గడించే ఆటగాళ్లు బడిపిల్లల్లా దానికోసం పోటీపడటం ఆ వీడియోలు చూసిన అభిమానులకు ముచ్చటేసింది. స్కోరుబోర్డు ఇవ్వని గడిని దిలీప్ తనే సృష్టించుకున్నారు. పట్టిన క్యాచ్‌తో పాటు ఆపిన పరుగుకూ గుర్తింపు దొరికింది.

2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో టి20 ప్రపంచకప్ ఫైనల్. చివరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు 16 పరుగులు కావాలి. మొదటి బంతిని డేవిడ్ మిల్లర్ బౌండరీ మీదికి లేపాడు. సూర్యకుమార్ యాదవ్ గీత దగ్గర బంతిని పట్టి, పైకి విసిరి, గీత దాటి మళ్లీ లోపలికొచ్చి అందుకున్నాడు. భారత్ 7 పరుగులతో గెలిచింది. చూసేవాళ్లకు అది అద్భుతం. కానీ గీత దగ్గర పట్టు, విసురు, తిరిగి అందుకోవడం అనేవి ఫీల్డింగ్ సాధనలో విడివిడిగా నేర్పే అంచెలు.

అంతటి విజయమూ ఈ కొలువుకు భరోసా ఇవ్వలేదు. 2025 ఏప్రిల్‌లో దిలీప్ ఒప్పందం ముగిసి ఆయన బయటికి వెళ్లారు. మర్నెల్లోనే ఇంగ్లండ్ పర్యటన కోసం బోర్డు మళ్లీ పిలిచింది. గెలిచినప్పుడు ఫొటోలో వెనక వరస, ఓడినప్పుడు వేటుకు ముందు వరస. సహాయ కోచ్ బతుకు అంతే.

శ్రీధర్ కూడా ఖాళీగా కూర్చోలేదు. 2024 ఆగస్టులో అఫ్గానిస్థాన్ ఆయనను సహాయ కోచ్‌గా తీసుకుంది. న్యూజిలాండ్‌తో గ్రేటర్ నోయిడాలో జరగవలసిన టెస్టు, తడిసిన మైదానం, వాన కారణంగా ఒక్క బంతి పడకుండానే రద్దయింది. తర్వాత షార్జాలో దక్షిణాఫ్రికాపై అఫ్గాన్లు 2-1తో వన్డే సిరీస్ గెలిచి చరిత్ర సృష్టించారు. 2025 డిసెంబరులో శ్రీలంక ఆయనను ఫీల్డింగ్ కోచ్‌గా నియమించింది.

దేశంలో ఏటా వేలమంది కుర్రాళ్లు, అమ్మాయిలు కాలేజీ జట్ల దగ్గరో, యూనివర్సిటీ జట్ల దగ్గరో, మహా అయితే రాష్ట్ర జట్టు దగ్గరో ఆగిపోతారు. ఆ ఆట క్రికెట్ కావచ్చు, హాకీ కావచ్చు, సాఫ్ట్‌బాల్ కావచ్చు. ఆగిపోయినవారిని ఓడిపోయినవారిగా చూడటం మనకు అలవాటు. కానీ వాళ్లలో ఆట లోతు తెలిసినవారు, ఓపికగా నేర్పగలవారు ఎందరో ఉంటారు. వాళ్లకు కావలసింది సానుభూతి కాదు. కోర్సులు, జీతాలు, కుర్రాళ్ల జట్లలో మొదటి అవకాశం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఈ ఇద్దరికీ ఆ మెట్లు అందుబాటులో ఉన్నాయి. అవి దొరికాక తమ పాత స్కోరుకార్డు ఏం చెబుతోందో వాళ్లు వెనక్కి తిరిగి చూసుకోవలసిన అవసరం రాలేదు.